అమెరికాలో అమ్మానాన్నలకి అఫోర్డబుల్ సీనియర్ అపార్ట్‌మెంట్ తీసుకోవాలా వద్దా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మానాన్న మూడేళ్ళ నుంచి ఇక్కడ న్యూజెర్సీలో ఒక సీనియర్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. అప్లికేషన్ నింపడం దగ్గర్నుంచి తాళాలు చేతికొచ్చేదాకా అన్నీ నేనే తిరిగి చేశాను, అందుకే తెలిసినవాళ్ళందరూ నన్నే అడుగుతుంటారు, ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. ముందే ఒక మాట. అద్దె ఎంత అని అందరూ అడుగుతారు, అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్ళ రోజు ఎలా గడుస్తుంది అని ఎవరూ అడగరు, నా లెక్కలో అయితే రెండోదే పెద్ద ప్రశ్న.

ఇది ఓల్డేజ్ హోమేనా?

కాదండీ, అస్సలు కాదు. ఇది మామూలు అపార్ట్‌మెంటే, సొంత తలుపు, సొంత వంటిల్లు, సొంత బాత్రూమ్. వయసు ఒక్కటే తేడా, కొన్ని చోట్ల 55 దాటాలి, కొన్ని చోట్ల 62 దాటాలి. అన్నం వండి పెట్టేవాళ్ళు, మందులు వేళకి ఇచ్చేవాళ్ళు, స్నానం చేయించేవాళ్ళు ఎవరూ ఉండరు. ఈ ముక్క సరిగ్గా అర్థం చేసుకోకుండా నడవలేని స్థితిలో ఉన్న పెద్దాయన్ని తీసుకొచ్చి చేర్చి, నెల తిరక్కుండా మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళని చూశాను. తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్ళకే ఇది.

55 ప్లస్ అని బోర్డు ఉంటే అద్దె తక్కువ ఉన్నట్టేనా?

లేదు, చాలామంది పొరబడేది ఇక్కడే. 55 ప్లస్ అంటే వయసు రూల్ మాత్రమే, అందులో బోలెడు మామూలు మార్కెట్ అద్దె ఉన్నవే. తక్కువ అద్దె ఉన్నవాటిల్లో మనకి ఎక్కువగా తగిలేవి రెండు రకాలు.

మొదటిది సెక్షన్ 202, 1959 హౌసింగ్ చట్టంతో మొదలైంది, హడ్, అంటే ఫెడరల్ ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ, డబ్బు ఇస్తుంది, 62 ఏళ్ళు దాటిన, ఆదాయం బాగా తక్కువ ఉన్నవాళ్ళ కోసం, అంటే ఆ ఏరియా మధ్యస్థ (మీడియన్) ఆదాయంలో దాదాపు సగం లోపు ఉండాలి. ఇందులో అద్దె మీ అమ్మానాన్నల ఆదాయాన్ని బట్టి ఉంటుంది, తీసేయాల్సినవి తీసేశాక మిగిలినదాంట్లో సుమారు 30 శాతం. నెలకి 1,500 డాలర్లు వస్తున్నాయనుకోండి, అద్దె 450 లోపే వస్తుంది. ఆదాయం తగ్గితే అద్దె కూడా తగ్గుతుంది.

రెండోది ట్యాక్స్ క్రెడిట్ బిల్డింగులు, అంటే కట్టేవాళ్ళకి పన్ను రాయితీ ఇచ్చి బదులుగా అద్దె తక్కువ ఉంచమనేవి, 1986 ట్యాక్స్ చట్టంతో వచ్చినవి. ఇక్కడ కూడా 30 శాతం అనే మాట వినపడుతుంది కానీ అది మీ వాళ్ళ ఆదాయంలో 30 శాతం కాదు, ఆ ఏరియాకి కట్టిన ఆదాయ పరిమితిలో 30 శాతం. అంటే అద్దె ఫిక్స్. ఖరీదైన కౌంటీ అయితే ఆ ఫిక్స్ చేసిన అద్దే 1,100 ఉండొచ్చు, అదే 1,500 వచ్చేవాళ్ళకి చేతిలో 400 మిగులుతుంది, దాంతో తిండి, మందులు, ఫోను ఎలా? అందుకే ఫోన్ చేయగానే మొదట అడగాల్సింది ఇది: "అద్దె మా ఆదాయాన్ని బట్టి మారుతుందా, లేక ఫిక్సా?" ఈ ఒక్క ప్రశ్నతో సగం బిల్డింగులు లిస్టులోంచి పోతాయి. కరెంటు, గ్యాస్ అద్దెలో కలిసే ఉంటాయా లేదా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

గ్రీన్ కార్డ్ ఉంటే చాలా, సిటిజన్ అవ్వాలా?

సెక్షన్ 8, అంటే అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే పథకం, ఆ సబ్సిడీ ఉన్న ఇళ్ళకి గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు అర్హులే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఆ సబ్సిడీ రాదు. ట్యాక్స్ క్రెడిట్ ఇళ్ళకి ఫెడరల్ చట్టంలో ఇమ్మిగ్రేషన్ స్టేటస్ రూల్ అంటూ లేదు, ఆదాయం, వయసు చూస్తారు. అయితే ఇమ్మిగ్రేషన్ రూల్స్ ఈ మధ్య తరచుగా మారుతున్నాయి, ఇంకా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ నడుస్తున్నవాళ్ళయితే ఏ ప్రభుత్వ సాయం తీసుకునే ముందైనా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగి చేయండి, ఇందులో పక్కింటాయన మాట మీద వెళ్ళొద్దు.

ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం బాగా తక్కువున్న పెద్దవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) వస్తుంది కదా దాంతో అద్దె కట్టేస్తారు అనుకుంటారు చాలామంది. గ్రీన్ కార్డ్ రాగానే ఎస్‌ఎస్‌ఐ రాదు, 1996 చట్టం తర్వాత రూల్స్ బిగించారు, సిటిజన్ అయితేనో లేక వాళ్ళకో వాళ్ళ జీవిత భాగస్వామికో ఇక్కడ 40 క్వార్టర్ల, అంటే దాదాపు పదేళ్ళ, పని ఉంటేనో గానీ మనవాళ్ళల్లో చాలామందికి కుదరదు. కొడుకు పదిహేనేళ్ళు ఉద్యోగం చేశాడు కదా అంటే అవి అమ్మానాన్నల లెక్కలోకి రావు.

ఇండియాలో ఇల్లు, పొలం ఉన్నాయి. చెప్పాలా? వీళ్ళకి ఎలా తెలుస్తుంది?

చెప్పాలి. ఎలా తెలుస్తుంది అని అడిగేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే సంతకం పెట్టేది డెబ్భై ఏళ్ళ అమ్మ, ఆ కాగితంలో అబద్ధం చెప్తే శిక్ష అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, అది చదవకుండా మనం పెట్టమన్న చోట ఆవిడ పెట్టేస్తుంది. తర్వాత తేలితే ఇల్లు ఖాళీ చేయించి, తీసుకున్న సబ్సిడీ తిరిగి కట్టమంటారు.

ఆస్తి ఏ దేశంలో ఉన్నా ఆస్తే. ఊళ్ళో ఇల్లు, పొలం, బ్యాంకు ఎఫ్‌డీలు అన్నీ రాయాలి. ఇండియా పెన్షన్ వస్తుంటే అది ఆదాయం. పొలం కౌలుకిచ్చి ఏడాదికి ఇంత అని తీసుకుంటుంటే అదీ ఆదాయమే. అయితే కంగారు పడకండి, ఆస్తి మొత్తం విలువని ఆదాయంగా లెక్కేయరు, దాని మీద వచ్చేదాన్ని లెక్కేస్తారు, చాలామందికి పొలం ఉన్నా అర్హత పోదు. కాకపోతే 2016 లో వచ్చిన హోట్మా చట్టంలో సెక్షన్ 8 ఇళ్ళకి ఆస్తుల మీద కూడా ఒక పరిమితి పెట్టారు, అది ఆ బిల్డింగ్‌కి ఎలా వర్తిస్తుందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఒంటి మీద పెట్టుకునే నగలు సాధారణంగా లెక్కలోకి రావు, పెట్టుబడిగా కొని దాచిన బంగారం రావచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. అప్లై చేసే ముందు పొలం తమ్ముడి పేరు మీదకి రాయించేస్తే సరి అని సలహా ఇస్తుంటారు. గత రెండేళ్ళలో అసలు ధర కంటే తక్కువకి ఇచ్చేసిన ఆస్తుల్ని ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు, ఆ ప్రశ్న ఫారంలోనే ఉంటుంది. మా నాన్న పట్టాదారు పాస్‌బుక్ తెలుగులో ఉంది, దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి ఇచ్చాం, ఆఫీసులో ఆవిడ ఓపిగ్గా అన్నీ అడిగి రాసుకుంది, ఏ గొడవా కాలేదు.

మేం నెల నెలా అమ్మానాన్నలకి డబ్బులు ఇస్తుంటాం, అది లెక్కలోకి వస్తుందా?

ప్రతి నెలా ఇచ్చేది వస్తుంది. వాళ్ళ అద్దె మీరు కట్టినా, ఫోన్ బిల్లు ప్రతి నెలా మీ కార్డు మీద పోతున్నా అది వాళ్ళకి వచ్చే ఆదాయం కిందే చూస్తారు. పండక్కి చీర కొనడం, పుట్టినరోజుకి ఒకసారి డబ్బులివ్వడం లాంటివి రావు. ఎంత ఇస్తున్నారో నిజాయితీగా ఒక లెటర్ రాసివ్వమంటారు, రాసివ్వండి.

ఎన్నాళ్ళు వెయిట్ చేయాలి?

ఏళ్ళు. నెలలు కాదు, ఏళ్ళు. అందుకే అవసరం వచ్చాక అప్లై చేద్దాం అనుకోవద్దు, అవసరం వచ్చేసరికి మీ వంతు రాదు. ఒక్కచోట పెట్టి కూర్చోకుండా కుదిరినన్ని చోట్ల పెట్టండి. కొన్ని బిల్డింగుల్లో లిస్టు మూసేసి ఉంటుంది, ఎప్పుడో కొన్ని రోజులు తెరిచి మళ్ళీ మూసేస్తారు, అది కనిపెట్టుకుని ఉండాలి.

అన్నిటికంటే బాధ కలిగించేది ఏంటంటే లిస్టులోంచి పేరు కొట్టేయడం. మధ్యలో ఒక ఉత్తరం వస్తుంది, "ఇంకా కావాలా?" అని, ఫలానా తేదీలోపు జవాబివ్వకపోతే తీసేస్తారు. ఇల్లు మారి అడ్రస్ అప్‌డేట్ చేయకపోతే ఆ ఉత్తరం మీకు అందదు. నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి నాలుగేళ్ళు ఎదురుచూసి, ఇండియా వెళ్ళిన మూడు నెలల్లో వచ్చిన ఉత్తరం చూసుకోక, పోగొట్టుకున్నారు. అడ్రస్‌గా ఎప్పుడూ ఇంట్లో ఉండే పిల్లల అడ్రస్ ఇవ్వండి, ఎక్కడెక్కడ ఎప్పుడు అప్లై చేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

మీ ఏరియాలో ఏవి ఉన్నాయో తెలియకపోతే స్థానికంగా సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే 211 కి ఫోన్ చేయండి, లేదా ఎల్డర్‌కేర్ లొకేటర్ అని ప్రభుత్వ లైన్ ఉంది, 1-800-677-1116, వాళ్ళు మీ కౌంటీలో పెద్దవాళ్ళ సేవల ఆఫీసు ఎక్కడుందో చెప్తారు.

ఎవరో 500 డాలర్లిస్తే లిస్టులో పైకి తెస్తానంటున్నాడు?

మోసం. ఇవ్వొద్దు. ట్యాక్స్ క్రెడిట్ బిల్డింగుల్లో అప్లికేషన్‌కి చిన్న ఫీజు ఉండొచ్చు, అది ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోవాలి. లిస్టులో చోటు అమ్మే హక్కు ఎవరికీ లేదు.

సరే, అసలు లాభాలేంటి?

మా అమ్మని అడిగితే ఒకటే చెప్తుంది, "నా వంటిల్లు నాది." మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పోపు వేయాలన్నా పిల్లల ఆన్‌లైన్ మీటింగులు చూసుకుని వేసేది, నేను ఎప్పుడూ ఏమీ అనలేదు, అయినా ఆవిడకి అది కూతురి ఇల్లే. ఇప్పుడు పొద్దున ఐదింటికి లేచి గిన్నెలు చప్పుడు చేసుకుంటూ కాఫీ పెట్టుకుంటుంది.

తర్వాత మెట్లు ఎక్కే బాధ లేదు, లిఫ్ట్ ఉంటుంది, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు ఉంటాయి, చాలా చోట్ల లాగితే సాయం వచ్చే ఎమర్జెన్సీ తాడు ఉంటుంది. మంచు తీయడం, గడ్డి కోయడం మన పని కాదు. 202 బిల్డింగుల్లో కొన్నిటికి సర్వీస్ కోఆర్డినేటర్ అని ఒకరు ఉంటారు, ఫారాలు నింపడం, డాక్టర్ దగ్గరికి వెళ్ళే వ్యాన్ ఏర్పాటు చేయడం లాంటివి చూస్తారు, ఆ మనిషి మంచివాళ్ళయితే మీకు సగం తలనొప్పి తగ్గినట్టే.

అన్నిటికీ మించి మనుషులు. సబర్బ్‌లో మన ఇంట్లో పొద్దున ఎనిమిదింటికి అందరూ వెళ్ళిపోతే సాయంత్రం ఆరింటిదాకా వాళ్ళిద్దరూ టీవీ, ఇంకేం లేదు, రోడ్డు మీద మనిషి కనపడడు. ఇక్కడ కింద హాల్లోకి దిగితే ఎవరో ఒకరు ఉంటారు. మా నాన్నకి ఇప్పుడు ఇద్దరు గుజరాతీలు, ఒక చైనా పెద్దాయన స్నేహితులు, ఒకరి భాష ఒకరికి రాదు, రోజూ నాలుగింటికి క్యారమ్స్ మాత్రం ఆడాల్సిందే.

మరి ఇబ్బందులు?

ఉన్నాయి, దాచను.

వంట వాసన మొదటిది. గోడలు పల్చగా ఉంటాయి, కారిడార్ ఒకటే, ఇంగువ, ఎండుచేపలు, కారప్పొడి వేయించిన ఘాటు పక్కింటికి వెళ్తుంది, కంప్లైంట్ వస్తుంది. పోపు పొగకి స్మోక్ అలారం మోగితే కొన్ని బిల్డింగుల్లో మొత్తం అందరూ చలిలో బయటికి రావాల్సి వస్తుంది, మా అమ్మ మొదటిసారి అలా జరిగినప్పుడు వారం రోజులు పోపు వేయలేదు, సిగ్గుతో. వంటింట్లో బయటికి గాలి లాగే ఫ్యాన్ ఉందా, లేక గాలిని మళ్ళీ అక్కడే తిప్పే ఫ్యానా అని చూసుకోండి.

దీపం రెండోది. చాలా లీజుల్లో క్యాండిల్స్, అగరబత్తీలు వెలిగించకూడదని రాసి ఉంటుంది. రోజూ దీపం పెట్టకుండా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని పెద్దవాళ్ళు ఉంటారు మన ఇళ్ళల్లో, వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. సంతకం పెట్టే ముందు చదవండి, అడగండి. మా అమ్మ ఎలక్ట్రిక్ దీపానికి అలవాటు పడింది, నూనె దీపం మా ఇంటికొచ్చినప్పుడు పెడుతుంది, మనసులో వెలితి మాత్రం ఉంది, నాకు తెలుసు.

ఇల్లు చిన్నది, స్టూడియో లేదా ఒక బెడ్‌రూమ్, సామానంతా పట్టదు. లాండ్రీ కింద అందరికీ కలిపి. లిఫ్ట్ చెడిపోతే బాగుపడేదాకా ఐదో అంతస్తులో ఉన్నవాళ్ళు బందీలే. నల్లులు ఒక ఫ్లాట్‌లో వస్తే పక్కవాటికి పాకుతాయి. మేనేజ్‌మెంట్ మారితే మొత్తం మారిపోతుంది, పాత మేనేజర్ ఫోన్ ఎత్తేవాడు, కొత్తావిడ ఎత్తదు, ఇలాంటివి. ఏడాదికొకసారి ఇంటి తనిఖీ, సబ్సిడీ ఉన్నచోట ఏడాదికొకసారి ఆదాయం కాగితాలు మళ్ళీ మొదట్నుంచి.

కానీ అన్నిటికంటే పెద్దది రవాణా. కారు నడపని అమ్మానాన్నలకి ఊరి చివర హైవే పక్కన ఎంత అందమైన బిల్డింగ్ ఇచ్చినా అది జైలే. నడిచి వెళ్ళేంత దూరంలో కూరగాయలు దొరకాలి, లేదా బస్సు ఉండాలి. లేకపోతే ప్రతి పాలప్యాకెట్‌కీ మీకు ఫోన్ వస్తుంది, మీరు విసుక్కుంటారు, వాళ్ళు అడగడం మానేస్తారు. అలా అడగడం మానేసిన పెద్దవాళ్ళని చూశాను, చాలా బాధేసింది.

ఇండియా వెళ్ళి ఆర్నెల్లు ఉండి రావచ్చా?

ఇక్కడే మనవాళ్ళు బాగా దెబ్బతింటారు. తక్కువ అద్దె ఇల్లు అంటే అందులో నిజంగా ఉండేవాళ్ళకి ఇచ్చేది, తాళం వేసి పోవడానికి కాదు. సెక్షన్ 8 వోచర్ (బిల్డింగ్‌కి కాకుండా మనిషికే ఇచ్చే అద్దె సాయం) మీద ఉంటే వరసగా 180 రోజులు దాటి ఇంట్లో లేకపోతే వోచర్ పోతుంది, అంతకంటే తక్కువ రోజులకే అక్కడి హౌసింగ్ ఆఫీసు పరిమితి పెట్టుకోవచ్చు కూడా. బిల్డింగ్‌కే సబ్సిడీ ఉన్న చోట్ల రూల్ ఇంకా కఠినంగా ఉండొచ్చు, లీజులోనో హౌస్ రూల్స్‌లోనో రాసి ఉంటుంది, టికెట్ కొనే ముందు అది చూసి, ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పి వెళ్ళండి. అద్దె మాత్రం ఆగదు.

ఎస్‌ఎస్‌ఐ తీసుకునేవాళ్ళకి ఇంకా చిన్న గీత, వరసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఆగిపోతుంది, తిరిగొచ్చాక మళ్ళీ వరసగా 30 రోజులు ఇక్కడ ఉంటే గానీ మొదలవ్వదు. ఏటా సంక్రాంతికి వెళ్ళి ఎండలు ముదిరాక వచ్చే అలవాటున్న అమ్మానాన్నలకి, నిజం చెప్పాలంటే, ఈ ఇళ్ళు నప్పవు. వాళ్ళ మనసు సగం అక్కడే ఉంటే బలవంతంగా ఇక్కడ కట్టేయొద్దు.

మనవలు వచ్చి ఉండొచ్చా?

రావచ్చు, రాత్రిళ్ళు ఉండొచ్చు, కానీ రోజుల లెక్క ఉంటుంది, చాలా చోట్ల ఏడాదిలో 14 రోజులు అలా. వేసవి సెలవులు మొత్తం అమ్మమ్మ దగ్గర అంటే కుదరదు. పురుడు పోయడానికి అమ్మ మీ ఇంటికి రావాలే గానీ, మీరు అమ్మ దగ్గరికి వెళ్ళే పుట్టింటి పద్ధతి ఇక్కడ సాగదు.

ఆరోగ్యం పాడైతే?

ఇది బిల్డింగ్ చూసుకోదు. మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కూడా రోజువారీ సాయానికి, అంటే స్నానం చేయించడం, తినిపించడం లాంటి వాటికి దీర్ఘకాలం డబ్బు కట్టదు, అద్దె అసలే కట్టదు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే రాష్ట్రాన్ని బట్టి ఇంటికొచ్చే ఆయా గంటలు దొరకొచ్చు. రోజంతా మనిషి కావాల్సి వస్తే హడ్ ఇళ్ళల్లో లివ్ ఇన్ ఎయిడ్‌ని, అంటే ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషిని, పెట్టుకోవడానికి అనుమతి అడగొచ్చు, ఆవిడ ఆదాయం మీ వాళ్ళ ఆదాయంలో కలపరు, కానీ పెద్దవాళ్ళ తర్వాత ఆ ఇంటి మీద ఆవిడకి హక్కు ఉండదు.

వీల్‌చైర్ వచ్చింది, బాత్‌టబ్ దాటలేకపోతున్నారు అంటే మార్పులు అడిగే హక్కు మీకుంది, డాక్టర్ లెటర్‌తో రాసి ఇవ్వండి. ఫెడరల్ డబ్బు తీసుకునే బిల్డింగుల్లో మామూలుగా ఆ ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి. నోటితో అడిగి ఊరుకోకండి, నోటిమాటలు ఆఫీసులో ఎవరికీ గుర్తుండవు.

మతిమరుపు మొదలైతే మాత్రం, స్టవ్ ఆపడం మర్చిపోతున్నారంటే, ఇంక ఇక్కడ ఒంటరిగా ఉంచకూడదు. ఆ రోజు ఏం చేయాలో చేరేముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని మాట్లాడుకోండి.

అద్దె ఎప్పటికీ ఇంతేనా?

202 లో ఆదాయంతో పాటే నడుస్తుంది కాబట్టి భయం తక్కువ. ట్యాక్స్ క్రెడిట్‌లో ఏరియా ఆదాయం పెరిగితే అద్దె పరిమితీ పెరుగుతుంది, మీ వాళ్ళ ఆదాయం పెరగకపోయినా సరే. ఇంకోటి, ఆ బిల్డింగ్‌కి తక్కువ అద్దె ఒప్పందం సాధారణంగా 30 ఏళ్ళు, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ, కొన్ని పరిస్థితుల్లో 15 ఏళ్ళ తర్వాత బయటికి వచ్చేవి కూడా ఉన్నాయి. పాత బిల్డింగ్ అయితే ఒప్పందం ఏ సంవత్సరంతో అయిపోతుందో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, 85 ఏళ్ళప్పుడు ఇల్లు వెతుక్కోవడం కంటే ఇప్పుడు అడగడం తేలిక.

నలుగురూ ఏమనుకుంటారు? కొడుకు ఉండగా అమ్మానాన్న వేరే ఎందుకున్నారంటారు?

అంటారు. మమ్మల్నీ అన్నారు, ఊళ్ళో మా పెద్దమ్మ ఫోన్ చేసి మరీ ఏడ్చింది. ఆ మాటలు పట్టించుకోకండి అని నేను చెప్పను, పట్టకుండా ఉండవు. నేను చూసుకునేది ఒక్కటే, ఈ నిర్ణయం ఎవరిది? మీ ఇంట్లో చోటు చాలక, కోడలికి అత్తగారికి పడక, ఎలాగో ఒకలా పంపేద్దాం అనుకుని ఫారం తెచ్చి ముందు పెడితే అది వాళ్ళకి అర్థమవుతుంది, చెప్పకపోయినా అర్థమవుతుంది. వాళ్ళే చూసి, వాళ్ళే రెండు మూడు సార్లు వెళ్ళొచ్చి, వాళ్ళే సరే అంటే అది వేరే సంగతి. మా నాన్నే మొదట అడిగాడు, అమ్మ ఏడాది ఒప్పుకోలేదు, ఆ ఏడాదీ ఆగాం.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి?

ఆఫీసువాళ్ళు చూపించే మోడల్ ఫ్లాట్ చూసి వచ్చేయకండి. అమ్మానాన్నల్ని తీసుకుని వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్ళండి, కింద హాల్లో మనుషులున్నారా, ఖాళీగా ఉందా చూడండి. అక్కడ కూర్చున్న ఎవరినైనా పలకరించి లిఫ్ట్ ఎన్నిసార్లు పాడవుతుంది, రిపేర్ చెప్తే ఎన్ని రోజులకి వస్తారు, శీతాకాలం హీటర్ సరిగ్గా పనిచేస్తుందా అని అడగండి, పెద్దవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్తారు. బస్‌స్టాప్ దాకా అమ్మతోనే నడిపించి చూడండి, దారిలో బెంచీ ఉందా, రోడ్డు దాటే సిగ్నల్ ఆవిడ నడకకి సరిపోతుందా. కారిడార్‌లో వంట వాసన వస్తే నాకైతే సంతోషమే, అక్కడ జనం వండుకుని తింటున్నారని అర్థం.

చేరాక నచ్చకపోతే?

లీజు సాధారణంగా ఏడాది. నోటీసు ఇచ్చి బయటికి రావచ్చు, కానీ ఒకసారి వదిలేస్తే మళ్ళీ కావాలంటే లిస్టు చివర్నుంచే. అందుకని కోపంలోనో, మొదటి నెల బెంగలోనో వదిలేయొద్దు. మొదటి రెండు నెలలు మా అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి వచ్చేస్తానంది, నేను శుక్రవారం తీసుకొచ్చి ఆదివారం సాయంత్రం దింపేదాన్ని. మా ఇంట్లో వాళ్ళ గది ఏడాది పాటు ముట్టుకోలేదు, మంచం, దేవుడి పటాలు, అమ్మ కుర్చీ అన్నీ అలాగే ఉంచాం. ఒకరోజు అమ్మే అంది, ఆ కుర్చీ తీసుకెళ్ళి నా ఇంట్లో వేద్దామే, కిటికీ దగ్గర చోటుంది అని.